డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌లో డాలు

డాలు అనునది డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత్రధారణ ఆటలో పాత్రలు ఒక చేత పట్టుకొనే రక్షణ సాధనము. ఈ ఆటను గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే అమెరికన్లు రూపొందించగా, 1974లో విస్కాన్సిన్ రాష్ట్రములోని లేక్ జెనీవా నుండి టాక్టికల్ స్టడీస్ రూల్స్ సంస్థ ప్రచురించినది. ఆటలో డాలు ఇచ్చే ప్రయోజనము పైకి చాలా చిన్నది: శత్రువు దెబ్బ తగిలే అవకాశము కొద్దిగా తగ్గుతుంది. అయినను ఆ కొద్దిపాటి తగ్గుదల ఎంత ఉండవలెను, దానికి ప్రతిగా ఆటగాడు ఏమి వదులుకోవలెను అనే ప్రశ్న ప్రతి కూర్పులోను మళ్ళీ తలెత్తినది. డాలుకు సంబంధించిన నైపుణ్యాలు, మంత్రాలు, మాయా వస్తువుల సమతూకమే ఈ వ్యాసములోని ముఖ్య విషయము.

తెలుగులో దీనికి డాలు, కేడెము, పలక అనే మాటలున్నాయి. పలక అంటే నేటి పాఠకులకు బడి పలక గుర్తుకు వస్తుంది, కేడెము కావ్యభాషకు పరిమితమైనది. కనుక ఈ వ్యాసములో డాలు అనే మాటనే వాడడమైనది.

దాడి, రక్షణ, లెక్క

ఆటలో ఒక పాత్ర మరొకరిపై దాడి చేసినపుడు ఇరవై ముఖాల పాచికను వేస్తారు. వచ్చిన అంకెకు దాడి చేసేవారి బలాన్ని కలుపుతారు. ఆ మొత్తము ఎదుటివారి ఆర్మర్ క్లాస్‌కు సమానమైనా, అంతకు మించినా దెబ్బ తగులుతుంది. ఆర్మర్ క్లాస్‌ను ఇకపై రక్షణాంకము అందాము. పాచికకు ఇరవై ముఖాలున్నందున రక్షణాంకములో ఒక్క అంకె పెరిగితే నూటికి 5 దాడులు గురి తప్పుతాయి. ఐదవ కూర్పులో డాలు విలువ 2, అనగా నూటికి 10 దాడులు.

ఇంతవరకు లెక్క తేలికైనదే. చిక్కు దీని తరువాత మొదలవుతుంది. దాడి బలము 7 గల శత్రువును తీసుకొందాము. ఎదుటి పాత్ర రక్షణాంకము 16 అయితే పాచికపై 9 గాని అంతకంటె ఎక్కువ గాని రావలెను, అనగా నూటికి 60 దెబ్బలు తగులుతాయి. డాలు పట్టి 18 చేసుకొంటే 50 తగులుతాయి. తినే దెబ్బలలో ఆరవ వంతు తగ్గినది. అదే పాత్ర ఇతర మార్గాల ద్వారా ముందే 24కు చేరి ఉన్నదనుకొందాము. అపుడు నూటికి 20 దెబ్బలే తగులుతాయి. డాలుతో 26 అయితే తగిలేవి 10 మాత్రమే, అనగా సగము తగ్గినది. డాలు అదే, అంకె అదే, కాని ఫలితము మూడు రెట్లు పెద్దది.

రక్షణ ఎవరికి ఎక్కువ ఉన్నదో వారికే మరికొంత రక్షణ ఎక్కువ లాభము ఇవ్వడము ఈ పాచికకు సహజ గుణము. అందువలన డాలుకు సంబంధించిన ఏ కొత్త నైపుణ్యమునైనా విడిగా చూస్తే హానిలేనిదిగా కనిపిస్తుంది. కవచము, డాలు, మంత్రము, మాయా ఉంగరము ఒకే పాత్రపై పేరుకొన్నపుడే అసలు బలము బయటపడుతుంది. నియమాలు వ్రాసేవారు మొదట తూకము వేయవలసినది ఈ కలయికలనే.

డాలుకు చెల్లించే మూల్యము కూడా లెక్కలోకి వస్తుంది. డాలు పట్టిన చేయి ఖాళీగా ఉండదు. పెద్ద ఖడ్గము, గండ్రగొడ్డలి వంటి రెండు చేతుల ఆయుధాలు, విల్లు, రెండవ కత్తి అన్నీ వదులుకోవలసినదే. కావున డాలు న్యాయమైనదా కాదా అనేది డాలుపై కంటె రెండు చేతుల ఆయుధము ఎంత దెబ్బ తీస్తుందనే దానిపైనే ఎక్కువగా ఆధారపడుతుంది.

తొలి కూర్పులు

1974 నాటి నియమాలలో రక్షణాంకము క్రిందికి లెక్కించేవారు, అంకె తగ్గే కొద్దీ రక్షణ ఎక్కువ. కవచము లేనివారికి 9, డాలు మాత్రమే ఉంటే 8, పూర్తి లోహ కవచముతో 3, దానికి డాలు తోడైతే 2. తోలు కవచమైనా ఇనుప గొలుసు కవచమైనా డాలు ఒక్క అంకెకే పనికివచ్చేది. అప్పట్లో మొదటి నియమాల ప్రకారము అన్ని ఆయుధాలూ ఒకే ఆరు ముఖాల పాచికతో దెబ్బ తీసేవి కనుక డాలును వదులుకొని పెద్ద ఆయుధము పట్టడములో పెద్ద లాభము ఉండేది కాదు. ఆయుధానికొక పాచిక అనే పద్ధతి 1975లో వచ్చిన గ్రేహాక్ అనుబంధముతో స్థిరపడి, ఈ పోటీకి బీజము వేసినది.

1978లో అడ్వాన్స్‌డ్ డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆటగాళ్ళ గ్రంథము వెలువడినది. అందులో గైగాక్స్ డాలు పరిమాణాన్ని ఆసక్తికరమైన రీతిలో వాడుకొన్నాడు. చిన్న డాలు ఒక విడతలో ఒక దాడిని, మామూలు డాలు రెండింటిని, పెద్ద డాలు మూడింటిని మాత్రమే అడ్డుకొంటుంది. వెనుక నుండి వచ్చే దెబ్బకు ఏ డాలూ పనికిరాదు. గుంపు చుట్టుముట్టితే డాలు ఉన్నా లాభము తక్కువే అనే నిజాన్ని ఈ నియమము చక్కగా పట్టుకొన్నది. అయితే ప్రతి విడతలోను ఎవరి దాడి ఎన్నవదో లెక్కపెట్టడము శ్రమతో కూడిన పని. వాస్తవికత కొరకు చేర్చిన నియమము ఆట వేగానికి అడ్డువస్తే, ఎంత చక్కనిదైనా నిలువదనడానికి ఇది మంచి ఉదాహరణ.

రెండవ కూర్పు 1989లో వచ్చినది. అదే సంవత్సరము ఆరన్ ఆల్‌స్టన్ వ్రాసిన కంప్లీట్ ఫైటర్స్ హ్యాండ్‌బుక్‌లో ఆయుధము, డాలు కలిపి పోరాడడము ఒక ప్రత్యేక యుద్ధశైలిగా రూపొందినది. ఆ శైలిలో ప్రావీణ్యము సంపాదించిన యోధుడు డాలుతో గుద్దడానికో, దెబ్బ కాచుకోవడానికో అదనపు అవకాశము పొందేవాడు. డాలు అంటే వట్టి అంకె కాదు, చేతిలోని రెండవ ఆయుధము అనే ఆలోచన ఇచ్చట స్పష్టముగా కనిపిస్తుంది.

మూడవ కూర్పు: డాలు వెనుకబడిన కాలము

1997లో విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ సంస్థ ఈ ఆటను సొంతము చేసుకొన్నది. 2000లో వచ్చిన మూడవ కూర్పులో రక్షణాంకము పైకి పెరిగే అంకెగా మారినది. 2003 నాటి సవరణ కూర్పులో తేలిక డాలుకు 1, బరువు డాలుకు 2, నిలువెత్తు టవర్ డాలుకు 4 నిర్ణయించారు. టవర్ డాలు పట్టినవారు తమ దాడిలో 2 అంకెలు కోల్పోతారు.

ఈ కాలములో రెండు చేతుల ఆయుధానిదే పైచేయి. కారణము డాలు బలహీనత కాదు, ఎదుటి పక్షము మితిమీరిన బలము. భుజబలము 4 ఉన్న యోధుడు ఒక చేత కొడితే 4, రెండు చేతులతో కొడితే ఒకటిన్నర రెట్లు, అనగా 6 కలుస్తాయి. పవర్ ఎటాక్ అనే ఫీట్ ద్వారా దాడిలో 5 అంకెలు తగ్గించుకొంటే ఒక చేతి ఆయుధానికి 5, రెండు చేతుల ఆయుధానికి 10 కలుస్తాయి. పొడవు కత్తి సగటు దెబ్బ 4.5, పెద్ద ఖడ్గపు సగటు 7. అన్నీ కలిపితే డాలు యోధుని దెబ్బ సగటున 13.5, డాలు లేనివానిది 23. రెండు అంకెల రక్షణ కొరకు తొమ్మిదిన్నర అంకెల దెబ్బను వదులుకొమ్మంటే ఎవరు ఒప్పుకొంటారు? ఎదుటివానిని ఒక విడత ముందే పడగొట్టడము కంటె మంచి రక్షణ లేదని ఆటగాళ్ళు త్వరగానే గ్రహించారు.

పైగా ఈ కూర్పులో శత్రువు కేవలము శరీరాన్ని తాకితే చాలుననే మంత్రదాడులు ఎన్నో ఉన్నాయి. వాటి విషయములో కవచము గాని డాలు గాని లెక్కలోకి రావు. ఈ లోటును పూరించడానికి 2006లో వెలువడిన రెండవ ఆటగాళ్ళ గ్రంథములో షీల్డ్ వార్డ్ అనే ఫీట్ చేర్చారు. దానితో డాలు విలువ అట్టి తాకుడు దాడులకు, పడద్రోసే ప్రయత్నాలకు కూడా వర్తిస్తుంది. మంచి ఫీటే గాని, అది చేతికి రావడానికి ముందు మరొక ఫీట్ సంపాదించవలెను. రెండు చేతుల యోధునికి ఒక్క పవర్ ఎటాక్‌తో పని జరిగిపోతున్నపుడు డాలు యోధుడు మెట్టు తరువాత మెట్టు ఎక్కవలసి రావడము న్యాయముగా తోచదు.

డాలుకు ఒక్క విషయములో మాత్రము లాభము ఉండేది: ధర. మాయాబలము గల ఆయుధము ఖరీదు ఆ బలపు వర్గానికి 2,000 బంగారు నాణేలు కాగా, కవచానికి, డాలుకు 1,000 నాణేలే. అందువలన 5 అంకెల మాయాబలము గల బరువు డాలు 25,000 నాణేల అదనపు వెలతో మొత్తము 7 అంకెల రక్షణ ఇచ్చేది.

తేలే డాలు

ఆ లాభము కూడా డాలు యోధునికి దక్కకుండా చేసినది తేలే డాలు. ఆజ్ఞాపిస్తే గాలిలో తేలుతూ యజమానిని కాపాడే ఈ మాయాగుణము ధర లెక్కలో 2 అంకెల మాయాబలముతో సమానము. 2003 నియమాలలో దీనికి కాలపరిమితి లేదు. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. కనుక పెద్ద ఖడ్గము పట్టిన యోధుడు తన దెబ్బలో ఏమీ తగ్గించుకోకుండానే డాలు రక్షణను పూర్తిగా పొందేవాడు. డాలుకు చెల్లించవలసిన మూల్యము చేయి అని పైన చెప్పుకొన్నాము. ఆ మూల్యాన్నే రద్దు చేసిన వస్తువు ఇది. ఉన్నత స్థాయిలలో దాదాపు ప్రతి రెండు చేతుల యోధుడూ ఇది కోరుకోవడములో ఆశ్చర్యము లేదు.

దీనికి విరుగుడు కాలపరిమితి రూపములో వచ్చినది. మూడవ కూర్పు నియమాల ఆధారముగా పైజో సంస్థ 2009లో ప్రచురించిన పాత్‌ఫైండర్ ఆటలో తేలే డాలు నాలుగు విడతల తరువాత క్రింద పడిపోతుంది. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఐదవ కూర్పులో అది ఒక నిమిషము మాత్రమే తేలుతుంది, పైగా చాలా అరుదైన వస్తువుల జాబితాలో చేరినది.

పాత్‌ఫైండర్ మరొక దారి కూడా తెరిచినది. అందులోని షీల్డ్ మాస్టర్ అనే ఫీట్ సాధించిన యోధుడు ఒక చేత ఆయుధము, మరొక చేత డాలు పట్టి రెండింటితోను కొట్టవచ్చును. రెండు ఆయుధాలు వాడేవారికి పడే తగ్గింపు డాలు దెబ్బకు వర్తించదు. డాలుకున్న మాయాబలము దెబ్బకు కూడా కలుస్తుంది. రక్షణ కొరకు చవకగా కొన్న మాయాబలము ఆ విధముగా ఆయుధబలముగా కూడా పనిచేసేది. వెనుకబడిన శైలిని పైకి తెచ్చే ప్రయత్నము కొన్నిసార్లు దానిని అందరికంటె ముందుకు నెట్టివేస్తుంది. అయితే ఈ ఫీట్‌కు ముందు మరి నాలుగు ఫీట్లు, ఉన్నతమైన యుద్ధస్థాయి అవసరము కనుక అది చాలా ఆటలలో ఆలస్యముగా మాత్రమే కనిపిస్తుంది.

నాలుగవ కూర్పు: శత్రువు డాలును ఎందుకు లెక్కచేయాలి?

డాలు యోధుని అసలు కష్టము అంకెలలో లేదు. గట్టి కవచము, డాలు ఉన్న యోధుడిని కొట్టడము వృథా అని శత్రువుకు తెలిస్తే, అది అతనిని ప్రక్కన పెట్టి వెనుకనున్న మాంత్రికునిపై పడుతుంది. ఎంత ఎక్కువ రక్షణ ఉంటే అంత తక్కువగా దాడులు అతని వైపు వస్తాయి, అనగా ఆ రక్షణ ఎవరికీ ఉపయోగపడదు. తోటివారిని కాపాడడానికే డాలు పట్టిన ఆటగాడు ఒక్క గీత కూడా పడకుండా నిలబడి, మిత్రులు కూలిపోవడము చూడవలసి వస్తుంది.

2008 నాటి నాలుగవ కూర్పు దీనికి సూటిగా సమాధానము చెప్పినది. యోధుడు తాను దాడి చేసిన శత్రువుపై ఒక గుర్తు వేస్తాడు. గుర్తు పడిన శత్రువు యోధుని వదలి మరొకరిపై దాడి చేస్తే 2 అంకెలు నష్టపోతుంది, ప్రక్కనే ఉంటే యోధుని చేతి దెబ్బ కూడా తింటుంది. ఇపుడు శత్రువుకు రెండూ చెడ్డ దారులే. డాలు విలువ రక్షణాంకముతో పాటు తప్పించుకొనే రిఫ్లెక్స్ రక్షణకు కూడా కలిసినది. డాలు చేత ఉంటేనే పనిచేసే యుద్ధకౌశలాలు వచ్చాయి. వాటిలో టైడ్ ఆఫ్ ఐరన్ అనేది శత్రువును కొట్టి ఒక గడి వెనుకకు నెట్టే కౌశలము, ఎన్నిసార్లయినా వాడవచ్చును. ఈ కూర్పును నచ్చనివారు చాలామంది ఉన్నారు గాని, డాలు యోధుని ఇంతగా ఆదరించిన కూర్పు మరొకటి లేదని చెప్పవచ్చును.

ఐదవ కూర్పు

2014లో వెలువడిన ఐదవ కూర్పు నియమాలను బాగా తగ్గించినది. డాళ్ళ రకాలు పోయి ఒక్కటే మిగిలినది. ధర 10 బంగారు నాణేలు, విలువ 2. తొడగడానికి గాని తీయడానికి గాని ఒక యాక్షన్ పడుతుంది. ఒకేసారి ఒక డాలు లాభమే లభిస్తుంది. ఈ కూర్పులో దాడి బలము, రక్షణాంకము రెండూ ఇరుకైన హద్దులలోనే పెరిగేటట్లు కట్టుదిట్టము చేశారు. అందుచేత 2 అనే అంకె మూడవ కూర్పులో కంటె ఇచ్చట చాలా విలువైనది.

భుజబలము ఒకటిన్నర రెట్లు కావడము కూడా పోయినది. డ్యూయెలింగ్ శైలి నేర్చిన డాలు యోధుడు పొడవు కత్తితో సగటున 6.5 దెబ్బ తీస్తాడు. పెద్ద ఖడ్గపు సగటు 7. అర అంకె తేడాకు రెండు అంకెల రక్షణ అంటే డాలుదే గెలుపు. అయితే గ్రేట్ వెపన్ మాస్టర్ ఫీట్ ఈ తూకాన్ని మళ్ళీ తారుమారు చేసినది. దాడిలో 5 తగ్గించుకొని దెబ్బలో 10 పెంచుకొనే ఆ అవకాశము పాత పవర్ ఎటాక్‌కు వారసురాలే. 2024లో వచ్చిన సవరించిన ఆటగాళ్ళ గ్రంథములో ఆ మార్పిడిని తీసివేసి, ఎంతో చిన్నదైన అదనపు దెబ్బను ఉంచారు. డాలును ఏమీ మార్చకుండానే డాలు యోధుని స్థితి మెరుగుపడినది.

షీల్డ్ మంత్రము

ఈ ఆటలో అతి బలమైన డాలు యోధుని చేతిలో లేదు, మాంత్రికుని పుస్తకములో ఉన్నది. షీల్డ్ మొదటి స్థాయి మంత్రము. 1978 గ్రంథములో ఇది విసిరిన ఆయుధాల నుండి రక్షణాంకము 2, బాణాల వంటి వాటి నుండి 3, ఇతర దాడుల నుండి 4 ఇచ్చేది. కవచము వేసుకోరాని మాంత్రికునికి ఆ కాలములో అది ప్రాణరక్ష. మ్యాజిక్ మిస్సైల్ మంత్రాన్ని పూర్తిగా ఆపడము కూడా దాని గుణము.

2003 నియమాలలో ఈ మంత్రము 4 అంకెల డాలు రక్షణ ఇచ్చేది. ఇచ్చట డాలు రక్షణ అనే మాట ముఖ్యము. ఒకే తరగతికి చెందిన రక్షణలు కలవవు, వాటిలో పెద్దది మాత్రమే వర్తిస్తుంది. కాబట్టి చేతిలో డాలు ఉన్నవారికి ఈ మంత్రము వలన కలిగే లాభము స్వల్పము. ఈ చిన్న తరగతి పేరు పెద్ద కాపలాదారు.

ఐదవ కూర్పులో తరగతుల పద్ధతిని ఎత్తివేశారు. మంత్రము ఇపుడు దెబ్బ తగిలిన తరువాత రియాక్షన్‌గా వేసేది, 5 అంకెలు ఇస్తుంది, తన తరువాతి వంతు మొదలయ్యే వరకు నిలుస్తుంది. చేతిలోని డాలుతో కలుస్తుంది. దెబ్బ తగిలినదని తెలిసిన పిమ్మటే వేయవచ్చును కనుక వృథా అయ్యే అవకాశము తక్కువ. పూర్తి లోహ కవచము 18, డాలు 2, డిఫెన్స్ శైలి 1, మొత్తము 21. దాడి బలము 7 గల శత్రువు దీనిపై నూటికి 35 సార్లు విజయము పొందుతుంది. షీల్డ్ మంత్రముతో 26 అయితే 10 సార్లే.

రూపకర్తలు ఈ మంత్రాన్ని బలహీనమైన అంగీ ధరించిన మాంత్రికుని కొరకు ఉద్దేశించారని భావించవచ్చును. కాని రెండు వృత్తులు కలుపుకొనే నియమము ద్వారా కవచము, డాలు, మంత్రము మూడూ ఒకేచోట చేర్చడము సులభము. 2017లో జనాథర్స్ గైడ్ టు ఎవ్రీథింగ్ అనే గ్రంథములో వచ్చిన హెక్స్‌బ్లేడ్ ఉపవృత్తి మొదటి స్థాయిలోనే మధ్యరకము కవచము, డాలు, షీల్డ్ మంత్రము మూడింటినీ ఇచ్చేది. ఒక్క స్థాయి ఖర్చుతో మంత్రగాడు యోధుని కంటె గట్టివాడయ్యేవాడు. అసలు యోధుని పాత్ర ధరించిన ఆటగాడికి ఇది మనసు నొప్పించే సంగతి, ఎందుకంటే అతడు ఆ బృందములో ఉన్నదే దెబ్బకు ఎదురు నిలువడానికి. 2024 నియమాలలో ఉపవృత్తులన్నీ మూడవ స్థాయికి జరిగినందున ఆ ఒక్క స్థాయి దగ్గరి దారి మూసుకుపోయినది. మంత్రము మాత్రము 5 అంకెల వద్దనే ఉన్నది.

చేతుల నియమము ఇచ్చట కొంత అడ్డు. డాలు ఒక చేత, కత్తి మరొక చేత ఉంటే మంత్రానికి కావలసిన హస్తముద్ర పట్టడానికి చేయి ఉండదు. వార్ క్యాస్టర్ ఫీట్ ఈ అడ్డును తొలగిస్తుంది. చాలామంది నిర్వాహకులు ఆట సాగనిమ్మని ఈ నియమాన్ని పట్టించుకోరు. అది చిన్న ఉదారతగా కనిపించినా, డాలు పట్టిన మంత్రగాడికి ఒక ఫీట్ ఉచితముగా ఇచ్చినట్లే.

షీల్డ్ మాస్టర్ వివాదము

2014 గ్రంథములోని షీల్డ్ మాస్టర్ ఫీట్‌కు మూడు భాగాలు. ఒకటి, తన వంతులో ఎటాక్ యాక్షన్ తీసుకొన్నవారు బోనస్ యాక్షన్‌తో ప్రక్కనున్న శత్రువును డాలుతో నెట్టవచ్చును. రెండు, తన ఒక్కరినే లక్ష్యముగా చేసుకొన్న మంత్రాల నుండి తప్పించుకొనే డెక్స్‌టెరిటీ సేవింగ్ త్రోకు డాలు విలువ కలుస్తుంది. మూడు, సగము దెబ్బతో బయటపడవలసిన చోట రియాక్షన్ ఉపయోగించి పూర్తిగా తప్పించుకోవచ్చును.

గొడవ అంతా మొదటి భాగము గురించే. నెట్టివేతతో శత్రువును నేల కూల్చవచ్చును. నేలపై పడినవారిని ప్రక్కనుండి కొట్టేవారికి అడ్వాంటేజ్, అనగా రెండు పాచికలు వేసి పెద్ద అంకెను తీసుకొనే వీలు లభిస్తుంది. నూటికి 50గా ఉన్న విజయావకాశము దానితో 75 అవుతుంది. మొదట నెట్టి, తరువాత కొట్టవచ్చునా? అయితే ఈ ఫీట్ చాలా బలమైనది. కొట్టిన తరువాతనే నెట్టవలెనా? అయితే తన దాడులకు ఏమీ కలసిరాదు. ప్రక్కనున్న మిత్రులకు మేలు జరుగుతుంది గాని, దూరము నుండి బాణాలు వేసే మిత్రులకు నేలపడిన శత్రువు కష్టసాధ్యుడవుతాడు. శత్రువు తన వంతు రాగానే సగము నడక ఖర్చు పెట్టి లేచి నిలబడతాడు.

అప్పటి ప్రధాన నియమ రూపకర్త జెరెమీ క్రాఫోర్డ్ 2015లో ఎప్పుడైనా నెట్టవచ్చునని చెప్పాడు. 2018లో ఆ మాటను మార్చి, ఎటాక్ యాక్షన్ తీసుకొనడము షరతు కనుక అది పూర్తయిన తరువాతనే బోనస్ యాక్షన్ వస్తుందని వివరించాడు. సంస్థ వెలువరించిన అధికారిక సమాధానాల సంకలనములోను రెండవ అభిప్రాయమే చేరినది. భాషాపరముగా ఆ వివరణలో తప్పు పట్టడానికి లేదు. కాని మూడేళ్ళపాటు ఒక విధముగా ఆడిన పాత్ర ఒక్కరోజులో సగము బలము కోల్పోతే, నియమము సరైనదా అనే దానికంటె ఆ ఆటగాడికి మరొక ఫీట్ ఎంచుకొనే అవకాశము ఇచ్చారా అనేదే బల్ల దగ్గర ముఖ్యమవుతుంది. పాత పద్ధతినే కొనసాగించిన బృందాలు ఎన్నో ఉన్నాయి. ఒకటి కంటె ఎక్కువ దాడులు గల యోధుడు మొదటి దెబ్బ తరువాత నెట్టవచ్చునని మధ్యేమార్గము పట్టినవారూ ఉన్నారు.

2024 గ్రంథము వివాదానికి మూలమైన మాటలనే తీసివేసినది. ఇపుడు ప్రక్కనున్న శత్రువుకు దెబ్బ తగిలిన వెంటనే, బోనస్ యాక్షన్ ఖర్చు లేకుండా, డాలుతో గుద్దవచ్చును. శత్రువు స్ట్రెంగ్త్ సేవింగ్ త్రోలో విఫలమైతే ఐదడుగులు వెనుకకు గాని నేలపైకి గాని పోతాడు. వంతుకు ఒక్కసారే. మిగిలిన దాడులు పడినవానిపై వేయవచ్చును, కాని మొదటి దెబ్బ మాత్రము సొంత బలముతోనే తగలవలెను. డెక్స్‌టెరిటీకి డాలు విలువ కలిసే రెండవ భాగాన్ని తొలగించారు. ఒక్క పాత్రనే లక్ష్యము చేసుకొనే అట్టి మంత్రాలు ఎక్కువగా లేవు కనుక ఇది పెద్ద నష్టము కాదు.

ఇదే కూర్పులోని ప్రొటెక్షన్ శైలి కూడా మారినది. 2014లో ఐదడుగుల లోపలనున్న మిత్రునిపై వచ్చే ఒక్క దాడికి డిసడ్వాంటేజ్ కలిగించడానికే రియాక్షన్ ఖర్చయ్యేది. ఒకే వంతులో మూడు దెబ్బలు వేసే రాక్షసుల ముందు అది చాలీచాలని సహాయము. 2024లో అదే రియాక్షన్, యోధుడు మిత్రుని ప్రక్కనే నిలిచి ఉన్నంతవరకు, అతని తరువాతి వంతు దాకా మిత్రునిపై వచ్చే దాడులన్నింటికీ వర్తిస్తుంది.

పాత్‌ఫైండర్ రెండవ కూర్పు

2019లో వెలువడిన ఈ ఆట డాలును మొదటినుండి కొత్తగా ఆలోచించినది. వంతుకు మూడు యాక్షన్లు ఉంటాయి. డాలు చేత ఉన్నంత మాత్రాన రక్షణ రాదు, ఒక యాక్షన్ ఖర్చు పెట్టి దానిని ఎత్తవలెను. ఎత్తితే తరువాతి వంతు వరకు 2 అంకెలు, చిన్న బక్లర్ డాలుకైతే 1.

రక్షణాంకమును 10 అంకెలు మించితే ఈ ఆటలో దెబ్బ రెట్టింపవుతుంది. అందువలన 2 అంకెలు రెండు చోట్ల పనిచేస్తాయి. పాచికపై 8 వస్తే దెబ్బ తగిలే శత్రువుకు ఇరవైలో 10 ముఖాలు మామూలు దెబ్బ, 3 ముఖాలు రెట్టింపు దెబ్బ, మొత్తము 16 పాళ్ళు. డాలు ఎత్తితే 10 మామూలు, 1 రెట్టింపు, మొత్తము 12 పాళ్ళు. నాలుగవ వంతు తగ్గినది. వంతులో మూడవ దాడి ఎలాగూ గురి తప్పే అవకాశము ఎక్కువ కనుక దాని బదులు డాలు ఎత్తడము తెలివైన పని. ఈ ఏర్పాటులో డాలు యోధునికి ప్రతి వంతులోను ఒక నిర్ణయము ఉంటుంది.

దానిపైన షీల్డ్ బ్లాక్ అనే రియాక్షన్ ఉన్నది. ఎత్తిన డాలు తన గట్టిదనము మేరకు దెబ్బను మ్రింగుతుంది, మిగిలినది యోధునికీ డాలుకూ రెండింటికీ తగులుతుంది. ఉక్కు డాలు గట్టిదనము 5, ప్రాణము 20, ప్రాణము 10కి దిగితే విరుగుతుంది. 14 అంకెల దెబ్బను ఆపితే యోధునికి 9, డాలుకు 9 పడి, డాలు ప్రాణము 11కి వస్తుంది. మరొకసారి అదే దెబ్బను ఆపితే డాలు విరుగుతుంది. ఒక్కసారిగా 25 అంకెల దెబ్బకు అడ్డు పెడితే రెండు బంగారు నాణేల డాలు తునాతునకలవుతుంది. ప్రాణమా, డాలా అనే ఆ క్షణపు తర్కము ఆటకు మంచి ఉత్కంఠ ఇస్తుంది.

ఐతే ఉక్కు డాలు విరిగితే మరొకటి కొనవచ్చును. వేల నాణేల మాయా డాలు విరిగితే? తొలి నియమాలలో స్టర్డీ డాలు అనే రకము తప్ప మిగిలిన మాయా డాళ్ళ గట్టిదనము చాలా తక్కువ. చక్కని మాయాగుణమున్న డాలును అడ్డు పెట్టలేని దుస్థితి ఏర్పడినది. ఆటగాళ్ళు అందరూ ఒకే స్టర్డీ డాలు కొనుక్కొనేవారు. ఎంపికలు పుస్తకములో ఎన్ని ఉన్నా, పనికివచ్చేది ఒకటే అయితే దానిని ఎంపిక అనలేము. 2023లో మొదలైన సవరణ గ్రంథాలలో రీయిన్‌ఫోర్సింగ్ రూన్ ప్రవేశపెట్టి, ఇతర డాళ్ళను కూడా గట్టిపరచుకొనే వీలు కల్పించారు.

చరిత్రలోని డాలుతో పోలిక

ఆటలో పూర్తి లోహ కవచము, డాలు కలిసినదే ఉత్తమ రక్షణ. యూరప్ చరిత్రలో జరిగినది దీనికి దాదాపు వ్యతిరేకము. పదిహేనవ శతాబ్దములో పలకల కవచము సంపూర్ణమైన తరువాత కాలినడకన పోరాడే వీరులు డాలును వదలి రెండు చేతుల ఆయుధాలు పట్టారు. అట్టి కవచాన్ని ఛేదించడానికి బరువైన ఆయుధము కావలెను, కవచమే కాపాడుతున్నపుడు డాలు అవసరము తగ్గినది. ఆటలో రెండింటినీ కూడిక చేయడము వలన ఈ సంబంధము కనిపించదు. చిన్న డాలును కూడా ఆట తక్కువగా అంచనా వేసినది. ఇంగ్లండులోని రాయల్ ఆర్మరీస్ వద్దనున్న ఐ.33 అనే వ్రాతప్రతి సుమారు 1300 ప్రాంతానికి చెందినది, యూరప్‌లో లభించిన కత్తిసాము గ్రంథాలలో అతి ప్రాచీనమైనది. అది మొత్తము కత్తి, బక్లర్ జంట గురించే.

ఇతర ఆటలు

1978లో వచ్చిన రూన్‌క్వెస్ట్‌లో డాలుతో కాచుకొనడము ఒక ప్రత్యేక విద్య. దానికి వేరే పాచిక వేయవలెను, డాలు కొంత దెబ్బను తానే భరిస్తుంది. గర్ప్స్ ఆటలో డాలు విద్యలో సగానికి 3 కలిపి కాచుకొనే అంకెను లెక్కిస్తారు, డాలు పరిమాణాన్ని బట్టి మరి 1 నుండి 3 వరకు అన్ని రకాల రక్షణలకు కలుస్తుంది. వీటిలో డాలు నిజముగానే ప్రాణాధారము. అయితే ప్రతి దెబ్బకు రెండు పాచికలు వేయవలసి రావడము వలన యుద్ధము నెమ్మదిగా సాగుతుంది.

పాత కూర్పులను ఇష్టపడేవారి మధ్య 2008 నుండి ఒక ఇంటి నియమము ప్రచారములో ఉన్నది. దెబ్బ తగిలినపుడు ఆటగాడు తన డాలు ముక్కలైనదని ప్రకటించి, ఆ దెబ్బను పూర్తిగా తప్పించుకోవచ్చును. ఒక్క అంకె విలువ చేసే పాత డాలును ఇది ఒక్కసారిగా విలువైన వస్తువుగా మార్చినది. దుర్వినియోగము కూడా వెంటనే కనిపెట్టారు: గాడిదపై డజను డాళ్ళు కట్టుకొని గుహలోకి దిగడము. చాలామంది నిర్వాహకులు డాళ్ళ బరువును ఖచ్చితముగా లెక్కించి, యుద్ధము మధ్యలో కొత్త డాలు తొడగడానికి ఒక పూర్తి విడత పడుతుందని చెప్పి దీనిని అదుపులో పెడతారు. మాయా డాలు విషయములో దాని మాయాబలము అంకెకు ఒక దెబ్బ చొప్పున భరించి, ఆపైన మాత్రమే ముక్కలవుతుందని కొందరు సవరించుకొన్నారు.